విజయవాడ–గుంటూరు స్కూళ్లకి రగ్బీ పోటీ: నాకౌటా, లీగా, పూల్సా?

రగ్బీ జట్టు కట్టడం మన దగ్గర పెద్ద కష్టమేం కాదు. కబడ్డీ ఆడే పిల్లలు పదిమంది ఉన్న స్కూల్లో రెండు మూడు నెలల్లో సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) ఆడగలిగే జట్టు తయారవుతుంది. పట్టుకోవడం, పడటం, పడ్డ వెంటనే లేవడం వాళ్లకి వచ్చు. డాష్ కొట్టే అలవాటు మాన్పించి (చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే రగ్బీలో పెనాల్టీ), టాకిల్ చేసేటప్పుడు (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసేటప్పుడు) తల ఎటు పెట్టాలో ఓపిగ్గా నేర్పించుకోవాలి, అంతే. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఈ జట్టుని ఎవరితో ఆడించాలి, ఎన్ని మ్యాచ్‌లు ఆడించాలి, ఏ పద్ధతిలో?

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగి, అందులో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టు టీవీలో కనిపించాక, మన వైపు కూడా "ఒక ఇంటర్ స్కూల్ పెడితే ఎలా ఉంటుంది సార్" అని అడిగేవాళ్లు తయారయ్యారు. మంచిదే. కాకపోతే అడిగేవాళ్లలో సగం మంది ముందు కప్పు ఎంత ఎత్తు ఉండాలి, చీఫ్ గెస్ట్‌గా ఎవరిని పిలవాలి అనే మాట్లాడతారు. పోటీ ఏ పద్ధతిలో జరగాలి అనేది చివర్లో, డ్రా చీటీలు తీసే రోజు గుర్తొస్తుంది.

నేను చూసే లెక్క ఒక్కటే. వచ్చిన జట్లన్నిటిలోకి బలహీనమైన స్కూల్, అందులో బెంచీ చివర కూర్చున్న పన్నెండో కుర్రాడు, వాడికి ఏ పద్ధతిలో ఎక్కువ నిమిషాలు దొరుకుతాయి? ఆట పాతుకుపోయిన చోట ఛాంపియన్ ఎవరో తేలడం ముఖ్యం కావచ్చు, కొత్తగా మొదలైన చోట పిల్లాడు మళ్లీ ప్రాక్టీస్‌కి రావడం ముఖ్యం. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

ఎస్‌జీఎఫ్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

ఈ ప్రశ్న హెడ్మాస్టర్ల దగ్గర్నుంచి తప్పకుండా వస్తుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, 17, 19 అని వయసుల వారీగా జరుగుతాయి, మనందరికీ తెలిసిందే. కానీ అందులో జిల్లా దాకా వచ్చేసరికి స్కూల్ జట్టు అనేది మిగలదు. ఎంపికలు పెడతారు, ఉమ్మడి కృష్ణా జట్టు, ఉమ్మడి గుంటూరు జట్టు అని కడతారు, అవే రాష్ట్ర పోటీలకి వెళ్తాయి. మీ స్కూల్లో పన్నెండు మంది కష్టపడితే ఇద్దరు ఎంపికవుతారు, మిగతా పదిమందికి ఆ ఏడాది ఆట అక్కడితో సరి.

ఇది మన ఒక్కరి పద్ధతే అనుకోకండి. దక్షిణాఫ్రికాలో 1964 నుంచి నడుస్తున్న క్రేవన్ వీక్ కూడా ఇలాంటిదే, అక్కడ అండర్-18 పిల్లలు స్కూల్ తరఫున కాకుండా తమ ప్రాంతం తరఫున ఆడతారు. తమాషా ఏంటంటే దానికి అధికారిక ఫైనల్ లేదు, ఛాంపియన్ అని ఎవరినీ ప్రకటించరు. ఆ వారం ఉన్నదే మంచి ఆటగాళ్లు నలుగురి కంట్లో పడటానికి. అయితే ఆ పిల్లలు అక్కడికి రావడానికి ముందు సీజన్ అంతా స్కూల్ మ్యాచ్‌లు ఆడి వస్తారు. మనకి ఆ కింది మెట్టే లేదు.

కాబట్టి పిల్లాడికి పై స్థాయికి వెళ్లే దారి, సర్టిఫికెట్ కావాలంటే ఎస్‌జీఎఫ్ ఎంపికలకి పంపాల్సిందే, దాన్ని వదలొద్దు. (స్పోర్ట్స్ కోటాకి ఏ సర్టిఫికెట్ పనికొస్తుందో ఆ ఏడాది జీవో చూసుకోండి, వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మి కూర్చోవద్దు.) ఇంటర్ స్కూల్ పోటీ దానికి బదులు కాదు. ఎంపికలకి వెళ్లేలోపు పిల్లాడికి నాలుగు నిజమైన మ్యాచ్‌ల అనుభవం ఉండాలి కదా, ఆ పని ఇది చేస్తుంది.

నాకౌట్: చూడ్డానికి బాగుంటుంది, మనకి పనికిరాదు

నాకౌట్‌కి ఉన్న గ్లామర్ దేనికీ లేదు, ఒప్పుకోవాల్సిందే. ఐర్లండ్‌లో లెన్‌స్టర్ స్కూల్స్ సీనియర్ కప్ 1887లో మొదలైంది, ఇప్పటికీ దాని ఫైనల్ అంటే డబ్లిన్‌లో పెద్ద హడావిడి. జపాన్‌లో అయితే హైస్కూల్ రగ్బీ జాతీయ పోటీ ఏటా డిసెంబర్ చివర ఒసాకా పక్కనే ఉన్న హనజోనో స్టేడియంలో మొదలై సంక్రాంతికి ముందే అయిపోతుంది. మామూలుగా 51 జట్లు, అంతా నాకౌట్. మ్యాచ్ సమమై, ట్రైల (గోల్ లైన్ దాటి బంతిని నేలకి ఆనించి చేసే స్కోరు) లెక్కలో కూడా తేలకపోతే చీటీ తీసి ఒకరిని పై రౌండ్‌కి పంపిస్తారు. ఫైనల్ సమమైతే మాత్రం ఇద్దరూ విజేతలే.

కానీ ఆ 51 జట్లలో ప్రతి ఒక్కటీ తమ ప్రాంతంలో గెలిచి వచ్చిందే. మొదటి రౌండ్‌లో ఓడినా ఆ కుర్రాడి చేతిలో అప్పటికే బోలెడు మ్యాచ్‌లు ఉన్నాయి. లెన్‌స్టర్ కప్ సంగతి చూస్తే ఒక్క బ్లాక్‌రాక్ కాలేజే సుమారు 70 సార్లు గెలిచింది, అంటే వందేళ్లు దాటిన పోటీలో సగం కప్పులు ఒకే స్కూల్ అల్మారాలోకి పోయాయి. బలమున్నవాడికే బలం చేరుతుంది నాకౌట్‌లో.

మన లెక్క వేసుకుందాం. ఎనిమిది స్కూళ్లు వస్తాయి అనుకోండి. నాకౌట్‌కి ఏడు మ్యాచ్‌లు చాలు, పూటలో అయిపోతుంది, అందుకే నిర్వాహకులకి ముద్దు. సెవెన్స్‌లో ఒక్కో సగం ఏడు నిమిషాలు. నాలుగు స్కూళ్లు పద్నాలుగు నిమిషాలు ఆడి ఇంటికి పోతాయి, సంక్రాంతి బరిలో కోడిలా ఒక్క విసురుకి కథ ముగిసినట్టు. గుంటూరు అవతల ఏ సత్తెనపల్లి నుంచో తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరిన బస్సు, కాజ టోల్‌గేట్ దాటి విజయవాడ చేరి, ఎనిమిదింటికి మొదటి మ్యాచ్ ఆడి, ఎనిమిదింపావుకి ఓడిపోయి, పులిహోర పొట్లాలు ఇంకా విప్పకుండానే తిరుగు ప్రయాణం. వచ్చే ఏడు ఆ హెడ్మాస్టర్‌ని బస్సు అడిగి చూడండి.

పన్నెండు మంది బృందంలో ఆ పద్నాలుగు నిమిషాలు ఏడుగురే ఆడతారు, నలుగురైదుగురిని మారిస్తే గొప్ప. ఒక్క నిమిషం కూడా ఆడకుండా జెర్సీ మడత నలగకుండా వెనక్కి వెళ్లే పిల్లలు ఉంటారు. కొత్త ఆటకి ఇంతకన్నా అన్యాయం లేదు.

పూర్తి లీగ్: న్యాయంగా ఉంటుంది, మన క్యాలెండర్‌లో పట్టదు

అందరూ అందరితో ఆడితే ఎవరు మంచి జట్టో కచ్చితంగా తేలుతుంది. శ్రీలంకలో స్కూళ్లని బలాన్ని బట్టి డివిజన్లుగా విడగొట్టి లీగ్ ఆడిస్తారు, అది కాక విడిగా నాకౌట్ ట్రోఫీ కూడా ఉంది. న్యూజిలాండ్‌లో ఫస్ట్ ఫిఫ్టీన్ (స్కూల్ ప్రధాన జట్టు, పదిహేను మంది) మ్యాచ్‌లు వారం వారం జరుగుతాయి. మనకీ అలా ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

కానీ ఎనిమిది జట్ల లీగ్ అంటే 28 మ్యాచ్‌లు, ఏడు రౌండ్లు. వారానికొకటి చొప్పున ఏడు శనివారాలు కావాలి. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తాం. జులై, ఆగస్టు వానలు. ఆ తర్వాత ఎస్‌జీఎఫ్ ఎంపికలు, పరీక్షలు, దసరా సెలవులు. అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండం పడిందంటే గ్రౌండ్ వారం దాకా ఆరదు. సంక్రాంతి దాటితే టెన్త్ పిల్లల్ని బయటికి పంపే ధైర్యం ఏ హెడ్మాస్టర్‌కీ ఉండదు. ఫిబ్రవరి చివర నుంచి ఎండలు. మిగిలింది నవంబర్ రెండో సగం, డిసెంబర్. ప్రైవేటు స్కూళ్లలో శనివారం అంటే వీక్లీ టెస్ట్, ఆదివారం అంటే ఫౌండేషన్ క్లాసు. ఏడు శనివారాలు ఎవరిస్తారు?

ఇంకొకటి, రిఫరీలు. మన దగ్గర రగ్బీ రూల్స్ తెలిసి విజిల్ పట్టుకునేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లీగ్ అంటే ఒకే ఉదయం నాలుగు చోట్ల నాలుగు మ్యాచ్‌లు, నాలుగు చోట్లా రిఫరీ, నాలుగు చోట్లా ఫస్ట్ ఎయిడ్, అంబులెన్స్. జరిగే పని కాదు. ఏం జరుగుతుందంటే మూడో వారానికి ఒక స్కూల్ రాదు, వాకోవర్ అంటారు, నాలుగో వారానికి ఇంకో రెండు రావు, చివరికి పాయింట్ల పట్టికలో సగం గళ్లు ఖాళీ. వాట్సాప్ గ్రూపులో గొడవలు మాత్రం నిండుగా ఉంటాయి.

ఒకే క్యాంపస్‌లో హాస్టల్, గ్రౌండ్ రెండూ ఉన్న స్కూళ్లు మూడు నాలుగు కలిస్తే లీగ్ ఆలోచించొచ్చు. లేకపోతే వద్దు.

పూల్స్, ఆ తర్వాత కప్–ప్లేట్: నా ఓటు దీనికే

మన టోర్నమెంట్లలో లీగ్ కమ్ నాకౌట్ అంటాం కదా, అదే, ఒక్క చిన్న మార్పుతో. ఆ చిన్న మార్పులోనే అంతా ఉంది.

ఎనిమిది జట్లని రెండు పూల్స్‌గా విడగొట్టాలి, పూల్‌కి నాలుగు. పూల్‌లో అందరూ అందరితో ఆడితే ఆరు, రెండు పూల్స్‌కి కలిపి పన్నెండు మ్యాచ్‌లు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఆ తర్వాత మనవాళ్లు పూల్‌కి ఇద్దరు చొప్పున నలుగురిని సెమీస్‌కి తీసుకుని మిగతా నలుగురికి షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపేస్తారు. అలా కాకుండా పైన ఉన్న నలుగురికి కప్, కింద ఉన్న నలుగురికి ప్లేట్ పెట్టండి. రెండిట్లోనూ రెండు సెమీస్, ఒక ఫైనల్, మూడో స్థానానికి ఒకటి. మొత్తం ఇరవై మ్యాచ్‌లు, ప్రతి జట్టుకీ ఐదు. పూల్‌లో మూడూ ఓడిన స్కూల్ కూడా రెండో రోజు ఉదయం తనలాంటి జట్టుతో ఆడుతుంది, గెలిచే అవకాశం ఉంటుంది, గెలిస్తే ప్లేట్ ఫైనల్. ఇంగ్లండ్ స్కూల్స్ కప్‌లో కూడా ప్లేట్, వేస్, బౌల్ అని కింది మెట్లు పెట్టింది ఇందుకే.

సమయం సంగతి. మ్యాచ్ పద్నాలుగు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాలు విరామం, జట్లు దిగి ఎక్కడానికి ఇంకో ఆరు కలిపి మ్యాచ్‌కి 22 నిమిషాలు వేసుకోండి. పన్నెండు మ్యాచ్‌లకి 264 నిమిషాలు, ఉదయం ఏడింటికి మొదలుపెడితే పదకొండున్నరకి మొదటి రోజు అయిపోతుంది. రెండో రోజు ఎనిమిది మ్యాచ్‌లు, మూడు గంటల్లోపు. డిసెంబర్‌లో ఆ పూట ఎండ సమస్య కాదు. ఒక్క గ్రౌండ్, ముగ్గురు నలుగురు రిఫరీలు మార్చి మార్చి, ఒకే అంబులెన్స్. ఒక్కో జట్టుకి రెండు రోజుల్లో 70 నిమిషాల ఆట, పన్నెండు మందినీ తిప్పి ఆడించడానికి కోచ్‌కి సాకులు ఉండవు.

గ్రౌండ్ విషయంలో ఒక మాట. పూర్తి రగ్బీ గ్రౌండ్ గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కి 100 మీటర్లు, వెడల్పు 70 దాకా. ఆ వెనక ట్రై పెట్టడానికి ఇన్‌గోల్ స్థలం వేరే ఉండాలి. ఫుట్‌బాల్ గ్రౌండ్‌ని వాడుకునేటప్పుడు మనవాళ్లు దీన్నే మర్చిపోతారు, ట్రై పెట్టడానికి దూకిన కుర్రాడు నేరుగా ఫెన్సింగ్‌కి తగులుకుంటాడు. స్థలం తక్కువైతే పొడవు తగ్గించండి, ఇన్‌గోల్ తగ్గించకండి. ముందురోజు సాయంత్రం సున్నం గీతలు వేసేముందు పిల్లలనే వరసగా నిలబెట్టి గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి పల్లేరు కాయలు, గాజు పెంకులు, కంకర ఏరించాలి. కబడ్డీ కోర్టు అయితే ఒక మూల తవ్వి మెత్తగా చేసుకుంటాం, ఇక్కడ ఎక్కడ పడతారో తెలియదు. పల్లేరు కాయ మోచేతిలో దిగిన పిల్లాడు తర్వాతి టాకిల్‌కి ముందుకి రాడు, వాడిని తిట్టి లాభం లేదు.

వేదిక విజయవాడలోనా, గుంటూరులోనా అనే గొడవ ఎలాగూ వస్తుంది. మధ్యలో, నంబూరు, మంగళగిరి వైపు మంచి గ్రౌండ్ దొరికితే దాన్నే పట్టుకోండి, రెండు వైపుల బస్సులకీ సమదూరం.

రెండు స్కూళ్ల షీల్డ్: దీన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి

ఎనిమిది స్కూళ్లు కలవకపోయినా, అసలు టోర్నమెంట్ పెట్టే ఓపిక లేకపోయినా చేయగలిగేది ఇది. శ్రీలంకలో కొలంబో రాయల్ కాలేజీకి, క్యాండీ ట్రినిటీ కాలేజీకి మధ్య 1945 నుంచి బ్రాడ్బీ షీల్డ్ నడుస్తోంది. ఒక మ్యాచ్ కొలంబోలో, ఒకటి క్యాండీలో, రెండిటి పాయింట్లు కూడి ఎవరివి ఎక్కువైతే వాళ్లది షీల్డ్. మొదటి మ్యాచ్‌లో పది పాయింట్ల తేడాతో ఓడినా పోటీ చావదు, పదకొండు తేడాతో గెలిస్తే మళ్లీ మనదే. రెండూళ్ల మధ్య నూరు కిలోమీటర్లకి పైనే దూరం, అయినా పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

విజయవాడకి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లే. రెండూళ్ల మధ్య సరదా పోటీ ఎప్పుడూ ఉన్నదే, సినిమా కలెక్షన్ల దగ్గర నుంచి మిర్చి బజ్జీల దాకా. ఇటు ఒక స్కూల్, అటు ఒక స్కూల్, డిసెంబర్‌లో ఒక శనివారం ఇక్కడ, రెండు వారాల తర్వాత అక్కడ. రెండు బస్సులు, రెండు పూటలు. సీనియర్ల మ్యాచ్‌కి ముందు జూనియర్ల మ్యాచ్ కూడా పెడితే ఒక్కో పూటకి యాభై మంది పిల్లలు ఆడినట్టు.

దీన్నే ఇంకొంచెం పెంచాలంటే న్యూజిలాండ్ మొవాస్కార్ కప్ పద్ధతి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈజిప్టులోని మొవాస్కార్ శిబిరం నుంచి వచ్చిన కప్పు అది, తర్వాత హైస్కూళ్లకి ఇచ్చారు. కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లని సవాలు చేసి ఓడించిన స్కూల్ దాన్ని పట్టుకెళ్తుంది. ఫిక్చర్ లేదు, పట్టిక లేదు. మన దగ్గర దీనికి ఒక చిక్కు ఉంది, కప్పు చేతికొచ్చిన స్కూల్ ఏదో ఒక వంకతో సవాళ్లు ఒప్పుకోకుండా దాన్ని ప్రిన్సిపాల్ గదిలో అద్దాల వెనక పెట్టేసుకోగలదు. టర్మ్‌కి కనీసం రెండు సవాళ్లు ఒప్పుకోవాలని ముందే కాగితం మీద రాసుకుంటే నడుస్తుంది.

సెవెన్సా, ఫిఫ్టీన్సా

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, సెవెన్స్. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది అదే, మన నేషనల్ గేమ్స్‌లో ఆడిందీ అదే. ఫిఫ్టీన్స్ అంటే జట్టుకి పదిహేను మంది, స్క్రమ్‌లో ఎనిమిది మంది భుజాలు కలిపి అవతలి ఎనిమిది మందితో నెట్టుకోవాలి, మెడ బలం, నేర్పించే మనిషి రెండూ లేకుండా ఆ జోలికి పోవద్దు. ఆట ముదిరిన దేశాల్లోనే అండర్-19 వాళ్లకి స్క్రమ్‌ని ఒకటిన్నర మీటరుకి మించి నెట్టకూడదని రూలు పెట్టారు.

అండర్-14 వాళ్లకి నడుముకి పట్టీలు కట్టి, పట్టీ లాగితే టాకిల్ అయినట్టు లెక్కపెట్టే ట్యాగ్ రగ్బీ చాలు. తల్లిదండ్రులు టెన్షన్ పడరు, అమ్మాయిల జట్లు కూడా అదే రోజు ఆడొచ్చు. బంతి సైజు కూడా చూసుకోండి, పద్నాలుగేళ్ల లోపు వాళ్లకి నాలుగు, పదిహేను దాటితే ఐదు.

వయసు ధ్రువీకరణతో పాటు బరువు కూడా తూచి రాసుకోండి. కబడ్డీలో మనకి అలవాటే. అండర్-17లో 42 కిలోల పిల్లాడూ ఉంటాడు, 85 కిలోల పిల్లాడూ ఉంటాడు, ఇద్దరి పుట్టినతేదీ సరైందే కావచ్చు. పూల్స్ కట్టేటప్పుడు ఆ కాగితం ముందు పెట్టుకుంటే మరీ బరువైన జట్లు, మరీ తేలికైన జట్లు ఒకే పూల్‌లో పడకుండా చూడొచ్చు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా ఆ పిల్లాడికి ఆ రోజుకి ఆట లేదు. ఫైనల్ అయినా, వాడే కెప్టెన్ అయినా, వాళ్ల నాన్న స్పాన్సర్ అయినా.

పాయింట్లు, జట్ల సంఖ్య

సెవెన్స్ పూల్స్‌లో గెలిస్తే 3, సమమైతే 2, ఓడితే 1, రాకపోతే సున్నా. ఓడినవాడికి ఒకటి ఇవ్వడం మన దగ్గర చాలామందికి వింతగా ఉంటుంది గానీ నాకు ఇందులో బాగా నచ్చిందే అది. ఓడతామని తెలిసిన మూడో మ్యాచ్‌కి కూడా జట్టు దిగుతుంది. ఫిఫ్టీన్స్ లీగుల్లో ఉండే బోనస్ పాయింట్లు, గెలిస్తే 4, నాలుగు ట్రైలకి ఒకటి, ఏడు లోపు తేడాతో ఓడితే ఒకటి, ఇవేవీ ఇప్పుడు పెట్టుకోవద్దు. స్కోరర్ బల్ల దగ్గర కూర్చునే మన సోషల్ సార్ వల్ల కాదు.

ఇద్దరికీ పాయింట్లు సమమైతే ముందు వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూడండి, ఆ తర్వాతే స్కోరు తేడా. ఆ తేడాని కూడా మ్యాచ్‌కి 30 దగ్గర ఆపేయండి. లేకపోతే పెద్ద జట్టు బలహీనుడి మీద ట్రైల మీద ట్రైలు వేసి పట్టిక బాగుచేసుకుంటుంది, అవతలి పిల్లలు సోమవారం ప్రాక్టీస్‌కి రారు.

ఎనిమిది స్కూళ్లు దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు. ఐదు వస్తే ఒకే పూల్, పది మ్యాచ్‌లు, నాలుగు గంటల్లోపు, ఒక్క పూటలో ప్రతి జట్టుకీ నాలుగు మ్యాచ్‌లు, ఫైనల్ కూడా అక్కర్లేదు, పట్టికలో పైన ఉన్నవాళ్లే విజేత. ఆరు వస్తే మూడేసి చొప్పున రెండు పూల్స్ కట్టి, రెండో విడతలో మొదటి స్థానం వాళ్లు రెండో స్థానం వాళ్లతో సెమీస్, అడుగున ఉన్న ఇద్దరూ ఐదో స్థానానికి. ఏడు అన్నిటికన్నా ఇబ్బంది. ఏడు వచ్చాయంటే పెద్ద స్కూల్ ఒకదాన్ని బతిమాలి బీ టీమ్ దింపించండి, వాళ్ల బెంచీ పిల్లలకీ మంచిదే. మూడే వస్తే ఒక్కొక్కరు ఒక్కొక్కరితో రెండేసి సార్లు ఆడించి ఆరు మ్యాచ్‌లు చేయండి, రెండున్నర గంటల పని, తొమ్మిదిన్నరకల్లా పిల్లలు టిఫిన్‌కి కూర్చుంటారు.